నీళ్ళకు చక్రాలొచ్చిన కథ

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు మన పెద్దలు. నిజం సంగతి దేవుడికే వదిలేద్దాం. నీటి సంగతి మాత్రం సామెత చెప్పినంత తేలిక కాదు. నీటికి పల్లం ఒక్కటే తెలుసు. మనిషికేమో మెట్టమీద ఇల్లు కట్టుకోవడం ఇష్టం. ఈ రెంటి మధ్యా ఉన్న దూరాన్ని ఎవరో ఒకరు మోయాలి. ఎవరు మోశారు, దేనితో మోశారు, మోసినందుకు వాళ్ళకేం దక్కింది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు వరసగా రాసుకుంటూ పోతే అదే ఒక చరిత్ర అవుతుంది. రాజుల చరిత్రకంటే కాస్త తడిగా ఉంటుంది, అంతే తేడా.

ఈ చరిత్రలో తాజా అధ్యాయం ఇప్పుడు మోటారు సైకిలు వెనకాల నడుస్తోంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పల్లె రోడ్లమీద నేను దాన్ని చూశాను. రెండు పాత చక్రాలు, ఒక ఇరుసు, ఇనుప కోణాలతో అతికించిన చట్రం, దానిమీద నీలంరంగు ప్లాస్టిక్ డ్రమ్ము. చట్రం ముందునుంచి ఒక గొట్టం వచ్చి బండి వెనకభాగానికి బోల్టుతో తగులుకుంటుంది. ఏ పెద్ద కంపెనీ చేసిందీ కాదు. ఊళ్ళో వెల్డింగు షాపువాడు మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది. తమాషా ఏమిటంటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం లెక్కప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమేనట! ఇంజను లేకపోయినా సరే, హోదా మాత్రం ఉంది. హోదాతోపాటు రిజిస్ట్రేషను బాధ్యతా ఉంది. ఆ సంగతి ఈ బండివాళ్ళలో ఎందరికి తెలుసో నేను అడగలేదు.

ముందు చిన్న లెక్క చెప్పుకుందాం. నీటికి ఒక సుగుణం ఉంది, లీటరంటే కిలో. తూకంరాళ్ళు అక్కరలేదు. పల్లెల్లో మనిషికి రోజుకు 40 లీటర్లు కావాలని మన ప్రభుత్వాలు చాలాకాలం లెక్కగట్టాయి. ఇంట్లో అయిదుగురుంటే 200 లీటర్లు, అంటే 200 కిలోలు. 15 లీటర్ల బిందెతో తేవాలంటే పద్నాలుగు బిందెలు. రెండేసి బిందెలు ఒకేసారి తెచ్చే గట్టిమనిషికైనా ఏడుసార్లు నడక. డ్రమ్ములో పోస్తే సరిగ్గా ఒక డ్రమ్ము. పత్తికి మందు కొట్టేటప్పుడు ఎకరానికి కావలసిన నీళ్ళూ దాదాపు అంతే. అందుకే ఆ డ్రమ్ము, ఆ రెండు చక్రాలు ఒక ఇంటికి, ఒక ఎకరానికి సరిపోయే కొలతగా కుదిరాయి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ మూడు ఊళ్ళూ 2016 అక్టోబరు 11న విడివిడి జిల్లా కేంద్రాలయ్యేదాకా వరంగల్లు జిల్లాలోవే. ఒకే జిల్లా అయినా నీటి విషయంలో మూడూ మూడు తీరులు. జనగామ పెద్దనది ఏదీ దగ్గరలేని మెట్ట. మహబూబాబాద్‌ను జనం నేటికీ మానుకోట అనే పిలుస్తారు. ఆ జిల్లాలో మున్నేరు, ఆకేరు పారతాయి గాని అవి వానాకాలపు చుట్టాలు. భూపాలపల్లి వైపు అడవి, బొగ్గు గనులు, జిల్లా అంచున గోదావరి.

కాకతీయులు ఈ నేల తత్వాన్ని బాగా పట్టుకున్నారు. నీటిని మోయడం కష్టం, ఆపడం సులువు అని వాళ్ళకు తెలుసు. పల్లానికి పోయే నీటికి అడ్డంగా కట్ట వేసి, ఆ కట్టకింద పొలాలు పెట్టారు. గణపతిదేవుని సోదరి మైలమ వేయించిన శాసనం బయ్యారం చెరువు దగ్గర దొరికింది. కాకతీయుల వంశవృక్షం రాసుకోవడానికి చరిత్రకారులకు అది పెద్ద ఆధారమయింది. ఒక ఆడపడుచు చెరువు తవ్వించి శాసనం వేయిస్తే, ఏడువందల ఏళ్ళ తర్వాత రాజుల లెక్క తేలింది! భూపాలపల్లి పక్కన గణపురం చెరువుదీ ఆ కాలపు ఘనతే. చెరువు కింద నీళ్ళను మడిమడికీ పంచడానికి నీరటికాడు ఉండేవాడు. పారలు, తూములు, వంతులు అన్నీ అతని చేతిలో ఉండేవి.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. పొలానికి నీరు దానంతటదే నడిచి వెళ్ళింది. ఇంటికి మాత్రం నడవలేదు. వరికి కాలవ తవ్వినవాళ్ళు వంటింటికి తవ్వలేదు. ఆ దూరాన్ని ఆడవాళ్ళ తలకు అప్పజెప్పారు.

తలమీద చుట్టబట్ట, దానిమీద బిందె, చంకలో ఇంకొకటి. చేదబావి అయితే ముందు చేంతాడు లాగాలి. బావి ఎండితే వాగులోకి దిగి ఇసుకలో చెలమ తీయాలి. చెలమ నీరు తియ్యనే గాని ఊరేదాకా కూర్చోవాలి. చిప్పతో తోడి, వడగట్టి, బిందె నింపేసరికి పొద్దెక్కుతుంది. ఇంట్లో గోలెం నిండిందా లేదా అన్నదే కోడలి పనితనానికి కొలత. ఈ పనికి కూలి లేదు, సెలవు లేదు, పేరు కూడా లేదు. "నీళ్ళకు పోయింది" అంటారు, అంతే. అక్కడికి విహారానికి పోయినట్టు!

అదైనా బావిలో చెయ్యిపెట్టే హక్కు ఉన్నవాళ్ళ మాట. ఆ హక్కు లేనివాళ్ళు కుండ కింద పెట్టి దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి పోస్తారా అని ఎదురుచూడాలి. 1927 మార్చి 20న మహద్ పట్టణంలో డాక్టర్ అంబేద్కర్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తాగితే దేశం ఉలిక్కిపడింది. నీటికి దూరం మైళ్ళలోనే కాదు, మనుషుల మధ్య కూడా కొలవాలని ఆ దోసెడు నీళ్ళు చెప్పాయి.

ఇక మగవాళ్ళు నీళ్ళు మోయలేదా అంటే, మోశారు. కాకపోతే వెట్టికో, వృత్తికో మోశారు. నిజాం రాజ్యంలో దొరల గడీలకు, మకాం వేసిన అధికార్లకు ఊరు చేయాల్సిన వెట్టిలో నీళ్ళ కావడి కూడా ఒకటి. ఇప్పటి జనగామ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. అప్పుడా ఊరు నల్గొండ జిల్లాలో ఉండేది. భూమికోసం, వెట్టి పోవడంకోసం సాగిన ఆ పోరాటంలో నీళ్ళ కావడి దించిన భుజాలూ కొన్ని ఉండే ఉంటాయని నా నమ్మకం.

వృత్తిగా మోసినవాడు భిస్తీ. తోలుతిత్తి నిండా నీళ్ళు పోసి వీపున వేసుకుని, నగర వీధుల్లో, దండు బజార్లలో తిరిగేవాడు. ఆ పేరు పారశీక భాషలో స్వర్గమనే అర్థమున్న మాటనుంచి వచ్చిందంటారు. దాహంతో ఉన్నవాడికి నీళ్ళిచ్చేవాడు స్వర్గంనుంచి దిగినవాడే కదా. 1539లో చౌసా యుద్ధంలో ఓడి గంగలో మునిగిపోబోయిన హుమాయూన్‌ను నిజాం అనే భిస్తీ ఊపిరి ఊదిన తిత్తితో గట్టెక్కించాడనీ, పాదుషా ఆ కృతజ్ఞతతో అతన్ని కొద్దిసేపు సింహాసనం మీద కూర్చోబెట్టాడనీ చెబుతారు. మన దేశంలో నీళ్ళు మోసినవాడికి దక్కిన అతిపెద్ద జీతం అదేననుకుంటాను. అది కూడా కొద్దిసేపే!

తలనుంచీ వీపునుంచీ నీరు చక్రం మీదికి ఎక్కడానికి చాలాకాలం పట్టింది. బండి మనకు కొత్తా ఏం కాదు. ధాన్యానికి, పెళ్ళివారికి, సంతసరుకుకు బండి కట్టేవాళ్ళం. ఇంట్లోకి నీళ్ళకు మాత్రం ఎవరూ కట్టలేదు. ఎందుకు కడతారు? బండికి ఎడ్లు కావాలి, ఎడ్లకు గడ్డి కావాలి. కోడలు ఊరికే వస్తుంది.

రైలు మాత్రం అలా అనలేదు. సికింద్రాబాద్‌నుంచి జనగామ, కాజీపేట, మానుకోట, డోర్నకల్లు మీదుగా నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది. ఆవిరి ఇంజనుకు బొగ్గు ఎంతో నీళ్ళూ అంతే. నీళ్ళు దొరికేచోట ఆగక తప్పదు. అందుకే స్టేషన్ల దగ్గర ఎత్తైన తొట్లు, వంగిన గొట్టాలు వెలిశాయి. ఊళ్ళో మనిషికి కుళాయి రాకముందే ఇంజనుకు వచ్చిందన్నమాట. ఆ రైలే మరొకరి బతుకును తలకిందులు చేసింది. మానుకోట చుట్టూ తండాల్లో ఉన్న లంబాడీల పూర్వీకులు ఎద్దులమీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కనంతా తిరిగినవాళ్ళు. మొగలు సైన్యాలకు తిండి అందించిన వాళ్ళు. రైళ్ళు, రోడ్లు పెరిగాక ఆ వ్యాపారం చితికింది. సైన్యాలకు సరుకు మోసినవాళ్ళ మనవరాళ్ళు మెట్టమీది తండాలకు బిందెలు మోయాల్సి వచ్చింది.

ఇతర దేశాల్లో ఏం జరిగిందో కూడా చూద్దాం. ఆస్ట్రేలియాలో షెపర్టన్ అనే ఊళ్ళో జాన్ ఫర్ఫీ అనే కమ్మరి 1880 ప్రాంతంలో ఇనుప పీపా, రెండు చక్రాలతో నీళ్ళ బండి తయారుచేశాడు. గుర్రం లాగేది. నీళ్ళు దూరమైన ఆ ఎండుదేశంలో అది ఇంటింటి బండి అయింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనిక శిబిరాలకూ వెళ్ళింది. దాని చుట్టూ చేరిన సిపాయిలు నీళ్ళతోపాటు పుకార్లూ పట్టుకెళ్ళేవారట. ఆ దేశపు ఇంగ్లీషులో ఇప్పటికీ గాలికబురును "ఫర్ఫీ" అంటారు. మన నీళ్ళరేవు కబుర్లకు వాళ్ళు డిక్షనరీలో చోటిచ్చారు, మనం సామెతల్లో ఇచ్చాం. తేడా ఏమిటంటే అక్కడ బండి చుట్టూ చేరింది మగవాళ్ళు.

మన కథలో తర్వాతి మలుపు బోరింగు. 1967లో యూనిసెఫ్ కరువు ప్రాంతాలకు రాతిని తొలిచే యంత్రాలు తెప్పించింది. 1970ల చివర్లో ఇండియా మార్క్ టూ అనే చేతిపంపు వచ్చింది. పాత పోత ఇనుప పంపులు నెలల్లో మూలపడుతుంటే, ఇది ఊరంతా కొట్టినా తట్టుకుంది. దాని పిడికి కులం తెలియదు. అందరి చేతులూ ఒకే ఇనుమును పట్టుకున్నాయి. ఆ ఒక్క విషయంలో అది చాలా ఉపన్యాసాలకంటే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

కాని రాయిలోతుల్లోంచి నీళ్ళతోపాటు ఇంకోటి కూడా పైకొచ్చింది, ఫ్లోరైడు. మనదేశంలో ఈ జబ్బును 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. జనగామకు పక్కనే ఉన్న నల్గొండ దానివల్ల దేశమంతా పేరుపడింది. పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్ శాస్త్రజ్ఞులు కనిపెడితే దానికి "నల్గొండ పద్ధతి" అని పేరొచ్చింది. ఏ ఊరికైనా పేరు రావడం మంచిదే గాని, ఇలా రాకూడదు. దీంతో చిత్రమైన పరిస్థితి ఏర్పడింది. వాకిట్లో బోరింగు ఉంటుంది, తాగే నీళ్ళకు మాత్రం పొరుగూరు పోవాలి. పాతకాలంలో నీళ్ళు లేక మోశారు, ఇప్పుడు నీళ్ళుండీ మోయాలి.

సరిగ్గా ఈ దశలో మోటారు సైకిలు పల్లెకొచ్చింది. 1980లో హోసూరునుంచి టీవీఎస్ 50 బయటికొచ్చింది. ఆ వంశంలోని ఎక్సెల్ బండిని చూడండి. ముందు కాళ్ళ దగ్గర ఖాళీ, వెనక క్యారియరు. అది మనుషులకోసం చేసిందో మూటలకోసం చేసిందో తెలియదు. ఊరికో నీళ్ళ ప్లాంటు వెలిశాక 20 లీటర్ల క్యాన్లు అటు రెండు, ఇటు రెండు వేలాడదీశారు. నాలుగు క్యాన్లంటే 80 లీటర్లు. ఇంకా కావాలంటే? వెనక ట్రైలర్ కట్టడమే.

ఆ డ్రమ్ముకూ ఒక వెనుకటి కథ ఉంది. దాని పూర్వీకురాలైన ఇనుప పీపాకు 1905లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది నెల్లీ బ్లై కంపెనీలోని ఇంజనీరు హెన్రీ వెర్‌హాన్. నెల్లీ బ్లై అంటే 1889లో బయలుదేరి 72 రోజుల్లో ప్రపంచం చుట్టివచ్చిన పత్రికా విలేఖరి. తర్వాత ఆవిడ ఇనుప సామాన్ల ఫ్యాక్టరీ నడిపింది. ఆడవాళ్ళ తలమీది బరువు దించిన డ్రమ్ము వెనక ఒక ఆడమనిషి ఉండటం నాకెందుకో సబబుగా అనిపిస్తుంది.

ట్రైలర్ లాగడం చూసినంత సులువు కాదు. బండి బరువు 110 కిలోల చిల్లర. వెనక డ్రమ్ము, చట్రం కలిపి 250 కిలోలు. లాగేవాడికంటే లాగబడేది రెండింతలు! ఇంజను ఎలాగో లాగుతుంది, ఆపడమే కష్టం. బ్రేకులు బండికే గాని ట్రైలర్‌కు ఉండవు. దిగుడులో బ్రేకు వేస్తే వెనకది ముందుకు తోస్తుంది. మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది, ట్రైలర్ ఒరగదు. అందుకే తగిలించేచోట అటూ ఇటూ తిరిగే కీలు ఉండాలి. ఒక కుర్రవాణ్ణి, "ఏం తమ్మీ, డ్రమ్ము నిండా ఎందుకు పోశావు? కొంచెం తక్కువ పోస్తే తేలిక గదా?" అని అడిగాను.

"నిండుగుంటె కదలది సార్. సగముంటె లోపల ఊగి బండిని గుంజి పడేస్తది" అన్నాడు.

నిండుకుండ తొణకదన్న సామెతను ఇంజనీరింగు కాలేజీలో ఎలా చెబుతారో నాకు తెలియదు. ఈ కుర్రవాడు మాత్రం ఒక్క ముక్కలో చెప్పాడు. పెద్ద ట్యాంకర్లలో అడ్డుపలకలు పెట్టేదీ ఈ ఊపు ఆపడానికే. డ్రమ్మును ఇరుసుకు రవ్వంత ముందుకు జరిపి కట్టడం అతనికి వాళ్ళ తాత నేర్పాడట. బండిలో వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్లకు ఉరి పడుతుంది, ముందు ఎక్కువైతే మెడలు కుంగుతాయి. ఎడ్లు పోయాయి, కాడి పోయింది, ఆ తెలివి మాత్రం బోల్టు దగ్గర మిగిలింది.

ఒక్క హెచ్చరిక చెప్పి ముందుకెళ్తాను. చాలా డ్రమ్ములు ఏవో రసాయనాలు మోసి వచ్చినవే. మిరపకు, పత్తికి మందు కలిపిన డ్రమ్మును ఎంత కడిగినా తాగే నీళ్ళకు పనికిరాదు. చేనుకొకటి, ఇంటికొకటి వేరుగా పెట్టుకోవాలి. రంగు దారమైనా కట్టి గుర్తు పెట్టుకోవాలి.

అసలు సంగతికి వస్తున్నాను. జనగామ దగ్గర ఒక పల్లెలో ఒక ముసలమ్మ అరుగుమీద కూర్చుని ట్రైలర్‌నుంచి నీళ్ళు దింపడం చూస్తోంది. "సుఖమొచ్చింది గదా అవ్వా" అన్నాను. ఆమె నవ్వి, "సుఖమే బిడ్డా. నలభై ఏండ్లు నా నెత్తిమీద మోసిన. నాకెవ్వలన్న రూపాయి ఇచ్చిండ్రా? గీ పిలగాడు తెస్తే పైసలిస్తున్నరు" అంది.

నేను పుస్తకాల్లో వెతుక్కుంటున్న జవాబు ఆ అరుగుమీద దొరికింది. నీరు తలమీద ఉన్నంతకాలం అది ఇంటిపని. చక్రం ఎక్కగానే ఉద్యోగం. తలమీద ఉన్నప్పుడు ఆడవాళ్ళది, చక్రం మీదికి రాగానే మగవాళ్ళది. బరువు అదే, దూరం అదే, దాహమూ అదే. మారింది కూలి. ఇది మన ఒక్క ఊరి మాట కాదు. ఇంట్లో నీటివసతి లేని కుటుంబాల్లో ప్రపంచం మొత్తంమీద పదింట ఏడు ఇళ్ళలో నీళ్ళు తెచ్చే బాధ్యత ఆడవాళ్ళదీ, ఆడపిల్లలదేనని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి చెప్పాయి.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర మిషన్ భగీరథ మొదలయింది. గోదావరి, కృష్ణ నీళ్ళను శుద్ధిచేసి గొట్టాల్లో ఇంటింటికీ పంపడం, పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వడం దాని లెక్క. పల్లమెరిగిన నీటిని పంపులతో మెట్టకెక్కించి, మళ్ళీ పల్లానికే జారనిచ్చి వాకిట్లోకి తెచ్చారు. కాకతీయులు పొలానికి చేసిన మర్యాద వంటింటికి అందడానికి ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది. కుళాయి వచ్చినా క్యాను పూర్తిగా పోలేదు. రుచి అలవాటు కొంత, అనుమానం కొంత. చేలకు మాత్రం కుళాయి లేదు గనక డ్రమ్ము బండి తిరుగుతూనే ఉంది. తిరగనివ్వండి. చేనికి నీళ్ళు మోసే రైతుకు ఆ రెండు చక్రాలూ భుజాలంత పని చేస్తున్నాయి.

మన పెళ్ళిళ్ళలో ఆడపిల్లకు సారెలో బిందె పెడతాం. అల్లుడికి మోటారు సైకిలు ఇస్తాం. వరకట్నం తప్పని 1961లోనే చట్టం చేసుకున్నాం, అయినా ఇస్తాం. బిందె ఆమెకు, బండి అతనికి. రెండూ కొన్నది ఒకే తండ్రి. పిల్లకు బండి నేర్పి తాళంచెవి కూడా ఆమె చేతికే ఇచ్చి పంపితే ఏం పోతుంది? నీళ్ళు తేవడమే ఆమె వంతయితే చక్రాలమీద తెచ్చుకుంటుంది. కుళాయి వచ్చిన ఇల్లయితే, ఆ బండెక్కి తనకు పనున్న చోటికి తాను వెళ్తుంది.